డెబ్బైల్లో పోయిన పదో వంతు

ఆ శనివారం పొద్దున ఆర్విన్ కుబియాక్ పెట్టుకున్న పనులు రెండే. దాల్చినచెక్క పొడి అద్దిన డోనట్లు రెండు తినడం, డెబ్బైల సంగతి తేల్చెయ్యడం. మొదటిది ఏడున్నరకల్లా పూర్తయింది.

రెండోది మూడు నెలలుగా నానుతోంది. కెటిల్‌బ్రూక్ మాజీ సైనికుల హాలు వంటగదిలో, కాఫీ కాగే పెద్ద పాత్ర పక్కన ముగ్గురు మిత్రులు ప్రతి శనివారం కూర్చుని, ఏ దశాబ్దంలో ఏ డ్రమ్ దళం గొప్పదో తేలుస్తున్నారు. వేసవి వస్తే బాకాలూ డ్రమ్ములూ జెండాలూ పట్టుకుని ఊరూరా పోటీలకి తిరిగే దళాలంటే విస్కాన్సిన్‌లో ఆ వయసు వాళ్ళకి చర్చి తర్వాత చర్చంతటివి. చిన్నప్పుడు ముగ్గురూ ఊరి దళం మిల్ హాక్స్‌లో వాయించినవాళ్ళే. యాభైలు తేలడానికి ఐదు వారాలు పట్టింది. అరవైలకి నాలుగు వారాలతో పాటు ఒక కాఫీ కప్పు కూడా పోయింది. ఎనభైలూ తొంభైలూ మాత్రం ఒక్క పూటలో తేలిపోయాయి, ఆ రోజు రోలీ ఫిస్టర్ పన్ను పీకించుకుని వచ్చి నోరు తెరవలేకపోయాడు కాబట్టి. రెండు వేలు దాటాక దళాల్లోకి మైకులూ కరెంటు వాయిద్యాలూ వచ్చాయి. అందుకని ఆ దశాబ్దం ఎదురుగా 'ఎవరూ కాదు' అని రాయాల్సిందేనని ఆర్విన్ రెండు వారాలు భీష్మించాడు. చివరికి పేరు రాయడానికి ఒప్పుకున్నాడు గాని, అక్షరాలు చిన్నవిగా ఉండాలన్నాడు.

ఇక మిగిలింది డెబ్బైలు. ఈ సాయంత్రం స్కూలు మైదానంలో పోటీ ఉంది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఊళ్ళో జరుగుతున్న మొదటి పోటీ. ముగ్గురిలో మూడోవాడు గార్డీ టోర్గర్సన్ చలికాలమంతా గుమ్మం గుమ్మం తిరిగి, ఊరి పెద్దల్ని ఒప్పించి దీన్ని తెచ్చాడు. పోటీకి ముందు దశాబ్దాల పలక అందరి ముందూ పెట్టాలి. పలక మీద పేర్లు రాసే పెయింటరు మధ్యాహ్నం దాకానే ఆగుతానన్నాడు.

"ఇందులో తేల్చడానికేముందిరా. డెబ్బైలంటే మిల్ హాక్సే," అన్నాడు ఆర్విన్.

"మన పేరు మనమే రాసుకుంటే ఊరు నవ్వుతుంది. ఐరన్ బెండ్ రైల్‌మెన్ అని రాయండి, గౌరవంగా ఉంటుంది," అన్నాడు రోలీ. మంగలి దగ్గరికి వెళ్ళే తొందరలో ఉన్నట్టు టోపీ చేత్తోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఒకటి, ఒకటి. మూడో ఓటు నాది," అన్నాడు గార్డీ.

"డెబ్బైలకి నీకు ఓటు లేదుగా గార్డీ," అన్నారు ఇద్దరూ ఒకేసారి. తిట్టినట్టు కాదు, వర్షం పడేలా ఉంది గొడుగు తెచ్చుకో అన్నట్టు అన్నారు.

పంతొమ్మిది వందల డెబ్బై రెండు రాష్ట్ర పోటీలో మిల్ హాక్స్ రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం పక్క పట్టణం చర్చి దళం సెయింట్ హెడ్విగ్ గార్డ్స్‌ది. తేడా మార్కులో పదో వంతు. అప్పట్లో దళానికి ముందే నూటికి నూరు ఇచ్చేసి, తప్పు కనిపించినప్పుడల్లా పదో వంతు కోసేవారు. మైదానంలోకి వెళ్ళకముందు కూడా ఒక తనిఖీ ఉండేది. దళమంతా వరసగా నిలబడితే ఒక జడ్జి వచ్చి బూట్లు, గుండీలు, గ్లౌజులు చూసుకుంటూ పోయేవాడు. ఆ రోజు ఆ వరసలో ఒక్కడి కుడిచేతికి గ్లౌజు లేదు. ఆ ఒక్కడూ గార్డీ. ఆ చెయ్యి ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. గార్డీ ముప్పై నాలుగేళ్ళు అదే చేత్తో ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. ప్రతి శనివారం డోనట్లు తెచ్చేది గార్డీ, హాలు ఊడ్చేది గార్డీ, బ్యానరు మోసేది గార్డీ. ఎవరూ చెయ్యమనలేదు. మానెయ్యమని కూడా ఎవరూ అనలేదు.

"సరే, మీరు ఒప్పుకోరని నాకు తెలుసు. అందుకే జాస్ట్రో గారిని పిలిచాను," అన్నాడు గార్డీ.

ఆర్విన్ చేతిలో కప్పు నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఏ జాస్ట్రో?"

"మెర్లిన్ జాస్ట్రో. ఆ రోజు తనిఖీ జడ్జి. ఎనభై తొమ్మిదేళ్ళు, కూతురి దగ్గర ఉంటున్నారు. పాత కాగితాలన్నీ చెప్పుల డబ్బాల్లో దాచుకున్నారట. పదకొండింటికి నేనే కార్లో తీసుకొస్తాను. ఆయన కాగితం చూసి, గ్లౌజు లేకపోవడం పెద్ద తప్పేం కాదని ఒక్క మాట అంటే చాలు, నాకు ఓటు వస్తుంది."

"ఈ వయసులో ఆయన్ని కదపడం దేనికిరా."

"ఆయనకి సరదాగానే ఉంది. అన్నట్టు ఆర్విన్, మీ ఆవిడ నిన్న స్కూల్లో ప్రదర్శనకి ఒక బిస్కెట్ల డబ్బా ఇచ్చింది. డెబ్బై రెండు నాటి గ్లౌజులట. సాయంత్రం అందరి ముందూ మూత తీస్తుందట. నేను చూడాలి. మన గ్లౌజుల నంబర్లన్నీ నాకింకా నోటికే వచ్చు."

రోలీ టోపీ కింద పడింది. అది తీసుకుని, మంగలి షాపుకి జనం వచ్చేస్తారంటూ వెళ్ళిపోయాడు. ఆర్విన్ దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు.

ఎందుకంటే ఆ రోజు గార్డీ గ్లౌజు తీసింది ఆర్విన్.

అప్పుడు అతనికి పదిహేడేళ్ళు. పోటీకి గంట ముందు బస్సుల వెనక హెడ్విగ్ దళం జెండా పిల్ల ఒకతె ఎదురైంది. ఎర్ర బూట్లు, నడుముకి పట్టీ, చేతిలో తనకంటే పొడవైన జెండా కర్ర. పేరు లావర్న్. "గెలిచినా ఓడినా ఈ రోజు గుర్తుండాలి కదా, నీ గ్లౌజు ఒకటి ఇవ్వవూ," అంది. ఆ క్షణాన తల అడిగినా ఇచ్చేవాడే, గ్లౌజు ఎంత. ఇచ్చేశాక గాని తనిఖీ గుర్తుకు రాలేదు. గార్డీ తన టోపీలో గ్లౌజులు మడిచి పెట్టి మరుగుదొడ్డికి వెళ్ళాడు. ఆర్విన్ చెయ్యి ఆ టోపీ మీదికి వెళ్ళింది. మిగతాది చరిత్ర. ఆ తర్వాత లావర్న్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లల్ని పెంచాడు, ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. గార్డీ మొహం చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాడు. ప్రతిసారీ డోనటు అడ్డొచ్చింది.

హాలు బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"లావర్న్, ఆ డబ్బా ఎందుకిచ్చావు?"

"అటక మీద ఊరికే పడుంది. నలుగురూ చూడనీ."

"అందులో నా గ్లౌజుంది కదే. లోపల ముప్పై ఒకటని నంబరు కూడా ఉంటుంది."

"నాకు తెలీదా ఏంటి. ఇదిగో, నూట యాభై మందికి బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి ఇక్కడ, అడుగంటితే నువ్వొచ్చి తోముతావా?" అని పెట్టేసింది.

గాజు బీరువా స్కూలు ముందు హాల్లో ఉంది. పక్కనే జిమ్. తెల్లవారుజామున బస్సులు దిగిన మెరిడియన్ దళం పిల్లలు నూట యాభై మంది ఆ జిమ్ నేల మీద ఇంకా పడుకునే ఉన్నారు. వేసవంతా వాళ్ళకి ఏ ఊళ్ళో అయినా పడక అదే. ఆర్విన్ చప్పుడు కాకుండా నడిచి బీరువా దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ రోలీ ఉన్నాడు, గాజుకి ముక్కు ఆనించి.

"క్షవరమన్నావు?"

"షాపు తియ్యలేదు," అన్నాడు రోలీ మెడ గోక్కుంటూ. "నువ్వేంటి ఇక్కడ?"

"లావర్న్ కళ్ళద్దాలు ఇక్కడెక్కడో పెట్టిందట."

"ఆవిడకి కళ్ళద్దాలున్నాయా?"

"కొత్తగా."

ఇద్దరూ కాసేపు బీరువాలోకి చూశారు. పాత యూనిఫారాలు, ఒంటి మీటతో ఊదే బాకా, మధ్యలో గుండ్రటి నీలం రేకు డబ్బా. దాని ముందు చీటీ మీద లావర్న్ గుండ్రటి దస్తూరీ: 'కెటిల్‌బ్రూక్ కుర్రాళ్ళ గ్లౌజులు, 1972 రాష్ట్ర పోటీకి గంట ముందు ఇచ్చినవి.' గంట ముందు. ఆ రెండు మాటలు చదివితే లెక్క రానివాడికి కూడా లెక్క తేలుతుంది. గంట ముందు గ్లౌజు ఇచ్చేసినవాడు తనిఖీలో రెండు గ్లౌజులతో ఎలా నిలబడ్డాడు?

రోలీ ఇంకోసారి గోక్కుని, బయట గాలి పీల్చుకుంటానని వెళ్ళాడు. తాళాల గుత్తి చప్పుడు చేసుకుంటూ బెవ్ వచ్చింది. స్కూలు బాగోగులన్నీ చూసుకునేది ఆమే. నలభై దాటిన మనిషి, ఎవర్నీ తొందరగా నమ్మదు.

"బెవ్, ఈ బీరువా తాళం ఒక్క నిమిషం ఇస్తావామ్మా."

"ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి కుబియాక్ గారూ."

"ఏడేళ్ళు నా బస్సెక్కావు నువ్వు."

"అందుకే ఇవ్వను. ఒకసారి నన్ను వెనక సీట్లో మర్చిపోయి డిపోకి తోలుకెళ్ళిపోయారు."

ఆర్విన్ అబద్ధాల్లో ఆరితేరినవాడు కాదు. యాభై ఒక్క ఏళ్ళుగా ఒక్కటే అబద్ధం, అదీ నోరు మూసుకుని. అందుకని నోటికి ఏది వస్తే అది అన్నాడు.

"అసలు సంగతేంటంటే ఆ డబ్బాకి పురుగు పట్టింది. ఉన్ని బట్టల్ని తినే పురుగు. లావర్న్‌కి ఇప్పుడే గుర్తొచ్చింది. గుట్టుగా తీసుకెళ్ళి ఎండలో పెట్టి తెచ్చేస్తాను."

బెవ్ తాళాల గుత్తి నడుముకి తగిలించుకుంది. "పురుగా? ఇందాక ఫిస్టర్ గారు కూడా అదే డబ్బా బయట పెట్టెయ్యమన్నారు. దాని పక్కన నిలబడినప్పటి నుంచి ఒళ్ళంతా దురదట."

రోలీ ఆ మాట ఎందుకన్నాడో ఆర్విన్‌కి అంతుపట్టలేదు. కానీ ఏ దేవుడో సాయం పంపాడనుకుని అందిపుచ్చుకున్నాడు. "చూశావా మరి. నాకూ ఇందాకట్నుంచి ఇక్కడ ఒకటే దురద," అని మోచెయ్యి గోక్కున్నాడు.

బెవ్ అతని మోచెయ్యి చూసింది. బీరువా చూసింది. తర్వాత జిమ్ తలుపు వైపు చూసింది. తలుపు కింద సందులోంచి ఒక పిల్లవాడి పడక సంచీ కొస కనిపిస్తోంది.

"పురుగు. దురద," అంది నెమ్మదిగా. "నల్లులు."

"కాదు కాదు. ఇవి వేరే పురుగులు. మనిషి జోలికి రావు."

"మీకు దురద పెట్టింది కదా."

ఆర్విన్ గోకడం ఆపాడు. బెవ్ అప్పటికే వైర్‌లెస్‌లో మాట్లాడుతోంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రిన్సిపాల్ తోటలో టమాటాలకి నీళ్ళు పెడుతున్నవాడు పెట్టినట్టే వచ్చాడు. ముందు హాలుకి పసుపు రిబ్బను కట్టారు. మెరిడియన్ దళం మేనేజరు, ముప్పై ఏళ్ళ అమ్మాయి, తడి జుట్టుతోనే జిమ్‌లోకి పరిగెత్తి ఒక్క కేక పెట్టింది. నూట యాభై మంది పిల్లలు పడక సంచులు భుజాన వేసుకుని, సగం నిద్రలో, నలుగురేసి వరసలో, ఎడమ కాలు ముందు పెట్టి బయటికి వచ్చారు. వాళ్ళకి మామూలుగా నడవడం రాదు. గడ్డి మీద వరసలు సరిచూసుకుని మరీ కూలబడ్డారు. బెవ్ మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు వేసుకుని, వంటింటి పట్టకారుతో ప్రదర్శన వస్తువులు ఒక్కొక్కటీ తెచ్చి నీలం పట్టా మీద పెట్టింది. బాకా, యూనిఫారం, ఇంకో యూనిఫారం. చివరికి బిస్కెట్ల డబ్బా. బీరువాలో తాళం కింద భద్రంగా ఉన్న డబ్బా ఇప్పుడు నడి మైదానంలో, పట్టపగలు, నూట యాభై మంది సాక్షుల మధ్య కూర్చుంది. ఇదంతా తన చలవే.

ఒక్కటే దారి ఉందనుకున్నాడు ఆర్విన్. అందరూ మేనేజరు చుట్టూ మూగి ఉండగా, చెప్పుల్లో రాయి పడ్డట్టు వంగి, పట్టా అంచుకి చేరి డబ్బా పట్టుకున్నాడు. డబ్బా రాలేదు. అటు వైపు నుంచి రోలీ పట్టుకుని ఉన్నాడు.

"వదలరా," అన్నాడు ఆర్విన్ పళ్ళ మధ్య నుంచి.

"నువ్వు వదులు. నేను పట్టుకెళ్ళి కాల్చేస్తా, నల్లులు."

"నల్లులు లేవని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"అయితే నీకెందుకా డబ్బా?"

"మా ఆవిడది. నీకెందుకు?"

"ఇద్దరూ వదలండి," అంది బెవ్ పట్టకారు చూపించి. "ముట్టుకున్నవాళ్ళని కూడా సంచీలో కట్టాలట."

సరిగ్గా అప్పుడే గార్డీ కారు వచ్చి ఆగింది. గార్డీ దిగి, అటు వైపు తలుపు తీసి, ఎండిన కొమ్మలా ఉన్న ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టి దింపాడు. పెద్దాయన చంకలో చెప్పుల డబ్బా, చేతిలో రాసుకునే అట్ట, చెవి మీద పెన్సిలు. జాస్ట్రో గారు దిగీ దిగగానే గడ్డి మీది పిల్లల్ని తేరిపార చూసి, "మూడో వరసలో ఎడమ నుంచి రెండోవాడు అడుగు వెనకున్నాడు," అన్నారు. ఆ పిల్లవాడు ఎందుకో తెలియకుండానే ముందుకి జరిగాడు.

వెనకే లావర్న్ కూడా వచ్చింది, బంగాళాదుంపల సలాడు బేసిన్లతో.

"ఏమైంది?" అన్నాడు గార్డీ.

మేనేజరు అమ్మాయి చెప్పింది. మర్యాదగానే చెప్పింది. నల్లులు పట్టిన చోట దళాన్ని ఉంచడం కుదరదట. పడకలు, యూనిఫారాలు అన్నీ వేడి గదిలో ఒక రోజంతా పెట్టాలట. ఈ రోజు తాము మైదానంలోకి దిగలేరట. విషయం తెలిస్తే మిగతా దళాల బస్సులు కూడా దారిలోంచే తిరిగిపోతాయి. "క్షమించండి టోర్గర్సన్ గారూ. మీరెంత కష్టపడ్డారో నాకు తెలుసు. పోటీ రద్దు చెయ్యాల్సిందే."

గార్డీ తల ఊపాడు. అతను చొక్కా జేబులో ఉన్న పోటీ కాగితం తీసి, మడతలు విప్పి, మళ్ళీ అవే మడతలు పెట్టాడు. మండు వేసవిలో కూడా కోటు జేబులోంచి కొత్త తోలు గ్లౌజుల అంచు బయటికి కనిపిస్తోంది. అతని భార్య మేవిస్ ప్రతి క్రిస్మస్‌కీ అతనికి గ్లౌజులే కొనేది. ఉత్తరాలు పంచే మనిషికి ఏడాదికొక జత సరిపోతుందా అని మిత్రులు ఏడిపించేవాళ్ళు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ ఆఖరి జత అతను ఎప్పుడూ జేబులోనే పెట్టుకుంటాడు.

"అంతేలే. గార్డీ చేతికి వచ్చిన పని కదా. ఏదో ఒకటి జారుతుంది," అన్నాడు గార్డీ.

నిష్ఠూరం కాదు. ఇందాక వాళ్ళు ఓటు లేదన్నట్టే, గొడుగు గురించి అన్నట్టే అన్నాడు. అది విన్నాక ఇక ఆర్విన్ నోరు మూసుకుని ఉండలేకపోయాడు.

"అమ్మాయీ, నల్లుల్లేవు," అన్నాడు.

"ఏంటండీ?"

"నల్లుల్లేవు, పురుగుల్లేవు, దురద కూడా లేదు. నేనే కల్పించాను. ఆ డబ్బా ఎవరూ తెరవకుండా పట్టుకుపోదామని." గార్డీ వైపు తిరిగాడు, కానీ అతని బూట్లనే చూస్తూ చెప్పాడు. "అందులో నా గ్లౌజుందిరా. డెబ్బై రెండులో లావర్న్‌కి ఇచ్చాను. ఇచ్చి, నీ టోపీలోంచి నీది తీసుకున్నాను. ఆ పదో వంతు పోగొట్టింది నువ్వు కాదు. నేను."

నూట యాభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు. పదో వంతంటే ఏంటో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

గార్డీ నోరు తెరిచేలోపు రోలీ అందుకున్నాడు. "నువ్వెందుకు తీశావురా? తీసింది నేను."

"ఏంటి?"

"గార్డీ టోపీలోంచి గ్లౌజు తీసింది నేనంటున్నా. హెడ్విగ్ పిల్ల ఒకతె అడిగితే నాది ఇచ్చాను. యాభై ఏళ్ళుగా మింగలేక కక్కలేక చస్తున్నాను. మధ్యలో నీ పెత్తనమేంటి?"

"నేను తీశానంటుంటే."

"నేను తీశానయ్యా. ఎడమ చేతిది."

"నేను తీసింది కుడిది."

ఇద్దరూ గార్డీ వైపు తిరిగారు. గార్డీ ఓపిగ్గా విని, "నావి రెండూ పోయాయిరా," అన్నాడు. "అదనపు గ్లౌజుల పెట్టెకి పరిగెత్తాను. అందులో ఎప్పుడూ పది ఉండేవి. ఆ రోజు ఎడమ చేతిది ఒక్కటే మిగిలింది. అదే వేసుకుని నిలబడ్డాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఒక గ్లౌజు పోగొట్టుకున్నందుకే ఇంత చేశారు. రెండు పోయాయంటే ఊళ్ళో ఉండనిస్తారా?"

అంతలో లావర్న్ సలాడు బేసిను గడ్డి మీద దించి, పట్టా దగ్గరికి వచ్చి, బెవ్ పట్టకారుని మోచేత్తో పక్కకి నెట్టి, డబ్బా మూత తీసింది. లోపల తెల్ల గ్లౌజులు, పసుపు తిరిగినవి, ఒకదాని మీద ఒకటి. ఒకటి కాదు, రెండు కాదు.

"పదకొండు," అంది. "మీ ఇద్దరి మొహాలేం ప్రత్యేకం కాదు. నేను అప్పుడు జెండా పిల్లల నాయకురాల్ని. తనిఖీకి ముందు మీ వాళ్ళ దగ్గర తలా ఒక గ్లౌజు లాగమని పన్నెండు మందిని పంపాను. అడగ్గానే ఇచ్చేశారు, దద్దమ్మలు. పదకొండు పదో వంతులు పోతాయనుకున్నాం. తొమ్మిది మంది మీ అదనపు పెట్టె ఖాళీ చేసి బయటపడ్డారు. పోయింది ఒక్కటే."

ఆర్విన్ భార్య మొహంలోకి చూశాడు. "అంటే ఆ రోజు బస్సుల వెనక నువ్వు నన్ను..."

"ఆ రోజు దళం కోసం అడిగాను. పెళ్ళి నా కోసం చేసుకున్నాను. రెండూ కలపకు," అంది లావర్న్.

గార్డీ గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని గ్లౌజులు ఒక్కొక్కటీ తిప్పి లోపలి నంబరు చదువుతూ వరసగా పేరుస్తున్నాడు. పద్నాలుగు. పద్దెనిమిది. ముప్పై ఒకటి, ఇది ఆర్విన్. నలభై, ఇది రోలీ. చివరిది పెట్టేసి ఖాళీ డబ్బాలోకి ఇంకోసారి చూశాడు.

"అయితే నన్నెవరూ అడగలేదన్నమాట," అన్నాడు.

అన్నిటికంటే అదే బాధించినట్టుంది అతన్ని.

"పన్నెండు మందిని పంపానన్నాను కదా. నీ దగ్గరికి పంపింది మేవిస్‌ని," అంది లావర్న్. ఆమె గొంతు ఈసారి కాస్త తగ్గింది. "బస్సు దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ అబ్బాయి మొహం చూస్తే అడగబుద్ధి కాలేదంది. తర్వాత నీ చెయ్యే పట్టుబడేసరికి మూడు రోజులు అన్నం తినలేదు. నీకు చెప్పలేదా ఎప్పుడూ?"

గార్డీ జేబులోంచి తోలు గ్లౌజులు తీసి ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు.

"నలభై మూడు జతలున్నాయి ఇంట్లో," అన్నాడు చివరికి. "ఈ మనిషికి గ్లౌజుల పిచ్చేంటి అనుకునేవాణ్ణి."

బెవ్ రబ్బరు గ్లౌజు వెనక్కి తిప్పి కళ్ళు తుడుచుకుంది. మేనేజరు అమ్మాయి "అయితే నల్లుల్లేవనే కదా," అని మళ్ళీ అడిగి, లేవని ముగ్గురి చేతా చెప్పించుకుని, పిల్లల్ని తిండికి లేపింది. వాళ్ళు వరసగానే లేచారు.

ఆర్విన్ వంగి గార్డీ పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి. "తిట్టరా," అన్నాడు.

"తిడతాలే. ముందు పలక సంగతి చూడు, పెయింటరు వెళ్ళిపోతాడు."

"డెబ్బైలు మొత్తం నీవేరా. నా ఓటూ నీదే, రోలీ ఓటూ నీదే. ఇంకేముంది, ఆ పదో వంతు కూడా మనకి తిరిగి రావాలి. వాళ్ళు మోసం చేశారని తేలింది కదా. జాస్ట్రో గారూ, మీరే చెప్పండి. మార్కు వెనక్కిస్తే మిల్ హాక్స్ మొదటి స్థానమేగా?"

జాస్ట్రో గారు అప్పటిదాకా కారు తలుపుకి ఆనుకుని, చెప్పుల డబ్బాలోంచి తీసిన పాత కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. కళ్ళద్దాలు పైకి నెట్టారు.

"గ్లౌజు అడగడం తప్పని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఇవ్వడం మీ తెలివి," అన్నారు. "ఒంటి మీది ప్రతి వస్తువు మీదా తన నంబరే ఉండాలని మాత్రం ఉంది. ఆ రోజు ఇద్దరు పరాయి నంబరుతో, తొమ్మిది మంది అసలు నంబరే లేని గ్లౌజుతో నిలబడ్డారు. నేను మణికట్లు తిప్పి చూడలేదు. అది నా తప్పు, నా పేరు మీద వేసుకున్నాను. ఇప్పుడు పదకొండు పదో వంతులు కోశాను."

"కోశారా?"

"టోర్గర్సన్ మీద అప్పుడే ఒకటి కోశాను కాబట్టి మళ్ళీ కొయ్యలేదు." ఆయన కాగితం కొసల దాకా చూసుకున్నారు. "మీరు రెండో స్థానం కాదు. ఐదు."

రోలీ గడ్డి మీద కూలబడ్డాడు. ఊళ్ళో యాభై ఒక్క ఏళ్ళుగా పదో వంతులో పోయిందని చెప్పుకుంటున్న కప్పు అది.

గార్డీ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పెయింటరుకి ఫోన్ చేసి డెబ్బైల పేరు చెప్పాడు. ఆ సాయంత్రం పోటీకి ముందు పలక మీది గుడ్డ తీసినప్పుడు ఊరు ఊరంతా గొణిగింది. డెబ్బైల ఎదురుగా సెయింట్ హెడ్విగ్ గార్డ్స్ అని ఉంది, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో. మైకు దగ్గర గార్డీ ఒక్క మాటే అన్నాడు: "మైదానంలో అడుగు పెట్టకముందే గెలిచిన దళం ఇదొక్కటే." లావర్న్ ఆర్విన్ చెయ్యి నొక్కింది. అతను ఎందుకైనా మంచిదని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

పై శనివారం హాలు వంటగదికి గార్డీ ఉత్త చేతులతో వచ్చాడు. డోనట్లు ఆర్విన్ తెచ్చాడు, నేల రోలీ ఊడ్చాడు. కొత్తగా నాలుగో కుర్చీ వేసి ఉంది. జాస్ట్రో గారు అందులో కూర్చుని, డోనట్ల డబ్బా మూత తీసి, పన్నెండు ఉండాల్సిన చోట పదకొండు చూసి, ఆర్విన్ మీసం మీది దాల్చినచెక్క పొడి చూసి, చెవి మీది పెన్సిలు తీశారు.